ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్‌కు నలభై నిమిషాలు

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్‌కు విమానంలో నలభై నిమిషాలు. ఈ మాట నేను రెండు వందల మందికి చెప్పాను. రెండు వందలు కాదు లెండి, వేళ్ళ మీద లెక్కపెడితే పద్నాలుగు మంది, అందులో ఒకాయనకు చెవుడు. కానీ ఆ పద్నాలుగు మందిలో మా ఆవిడ కూడా ఉంది. గొడవంతా అక్కడే వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ నలభై నిమిషాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు ఆ టిక్కెట్టు అచ్చేసినవాడి మీద మండుతుంది, తర్వాత ఇంటర్నెట్టు మీద, ఆ తర్వాత మా అల్లుడి నెమ్మదితనం మీద. అసలు మండాల్సిన మనిషి దగ్గరికి వచ్చేసరికి కొంచెం చల్లారుతుంది. ఆ మనిషిని నేనే కాబట్టి.

అది రెండు వేల తొమ్మిదో, పదో. అరిజోనాలో, చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ చిప్పుల కంపెనీలో ఇంజనీర్లు. మనవరాలికి పదకొండేళ్ళు. మా ఆవిడ నాతో రాలేదు. హైదరాబాద్‌లో తమ్ముడి కూతురికి పురుడు పోసి వస్తానని ఆగిపోయింది. ఇద్దరికీ అదే మొదటి విమాన ప్రయాణం. ముందు నేను ఒంటరిగా, నాలుగు నెలల తర్వాత తను ఒంటరిగా.

నేను బస్సు డిపోలో ముప్ఫై రెండేళ్ళు పనిచేశాను. చాండ్లర్ పార్కులో పొద్దున్నే నడవడానికి వచ్చే తోటి ముసలాళ్ళకు, డిపో మొత్తం నా చేతి కింద నడిచేదని చెప్పాను. నిజానికి నేను బస్టాండు మధ్యలో అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది రాసుకుంటూ మైకులో అరిచేవాణ్ణి. అయితే ఒకటి మాత్రం నిజం. బస్సు బయల్దేరే టైమూ చేరే టైమూ చెబితే, ప్రయాణం ఎంతసేపో నేను కాగితం లేకుండా చెప్పగలను. రెంటికీ తేడా తీస్తే సరిపోతుంది. ముప్ఫై రెండేళ్ళలో ఆ తేడా ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పడానికి మా డిపోలోనూ అవతలి డిపోలోనూ ఒకటే గడియారం.

నా టిక్కెట్టు మీద ఇలా ఉంది: ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయల్దేరడం తొమ్మిదీ ముప్ఫై, లండన్ చేరడం పదీ పది. తేడా తీశాను. నలభై నిమిషాలు.

ఇంకో సంగతి చెప్పాలి. అమెరికాలోని మన పిల్లలకు ఒక ఆనవాయితీ ఉంది. అమ్మానాన్నల కాళ్ళు గుర్రాల్లా పరుగెత్తుతున్నా సరే, వాళ్ళకు టిక్కెట్టు కొనగానే వీల్‌చెయిర్ పెట్టించేస్తారు. ముసలివాళ్ళు నడవలేరని కాదు, ఇంగ్లీషు రాక ఆ మహానగరాల్లాంటి ఎయిర్‌పోర్టుల్లో తప్పిపోతారని. కుర్చీలో కూర్చోబెడితే, తోసే మనిషే చెకింగులన్నీ దాటించి తర్వాతి విమానం తలుపు దగ్గర దించుతాడు. మా అమ్మాయి నాకూ పెట్టిస్తానంది. నేను ఫోన్లోనే చిందులు తొక్కాను.

"నాకేం కాళ్ళు పడిపోయాయా? నన్ను బొమ్మలా తోసుకుంటూ పోతారా? పెట్టావంటే నేను రానే రాను!"

అమ్మాయి మానుకుంది. నేను చాండ్లర్ చేరాక నాలుగు నెలల పాటు అందరికీ చెప్పిన కథ ఇది: రెండు ఎయిర్‌పోర్టులూ నా కాళ్ళతో నడిచాను, ఎవర్నీ దారి అడగలేదు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్‌కు వాచీ పెట్టి చూశాను, సరిగ్గా నలభై నిమిషాలు, పైనుంచి లండన్ నది, వంతెన, రాణిగారి మేడ అన్నీ కనబడ్డాయి. రాణిగారి మేడ సంగతి ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను. నాది మధ్య సీటు. కిటికీ వైపు ఒక లావుపాటాయన పేపరు విప్పుకుని కూర్చున్నాడు. ఆ పేపరు సందులోంచి తెల్ల మబ్బు కనిపించింది.

మా ఆవిడ ప్రయాణం దగ్గరపడగానే నేను ఫోన్లో చార్టు చెప్పి రాయించాను. మా డిపో పద్ధతిలో, బయల్దేరే టైము, చేరే టైము, మధ్యలో ఎంతసేపు. తను ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుంది.

"ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మధ్య నలభై నిమిషాలే. వక్కపలుకు నోట్లో వేసుకుంటే కరిగేలోపు దిగిపోతావు. నిద్రపోకు."

"మరి అమ్మాయి కుర్చీ పెట్టిస్తానంటోందండీ."

"నీ ఇష్టం. నేనైతే నడిచాను."

"మీరు నడిస్తే నేనెందుకు నడవను? మీకంటే ఆరేళ్ళు చిన్నదాన్ని. వద్దని చెప్పేస్తా."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. పైగా ఆ పూట పార్కులో, "మా ఆవిడ కూడా నాలాగే, కుర్చీ గిర్చీ వద్దంది" అని గర్వంగా చెప్పుకున్నాను.

తను బయల్దేరే రోజు ఇక్కడ శనివారం పొద్దున. అక్కడ రాత్రి. మనవరాలు నానమ్మ కాదు అమ్మమ్మ అని వంద సార్లు చెప్పించుకుని, అమ్మమ్మ వచ్చే దారంతా బొమ్మ గీసి ఫ్రిజ్‌కు అంటిస్తానని రంగు పెన్సిళ్ళు ముందేసుకుని కూర్చుంది. ఒక్కో ఊరి మధ్యా ఎన్ని మైళ్ళో, ఎంతసేపో కంప్యూటర్‌లో చూసి రాస్తోంది. నేను పక్కనే కూర్చుని ఉప్మా తింటూ పర్యవేక్షిస్తున్నాను.

"తాతయ్యా, ఇది కరెక్ట్ లేదు."

"ఏది?"

"ఫ్రాంక్‌ఫర్ట్ టు లండన్, ఫోర్ హండ్రెడ్ మైల్స్. నువ్వు ఫార్టీ మినిట్స్ చెప్పావ్. అంటే వన్ అవర్‌కి సిక్స్ హండ్రెడ్ మైల్స్. టేకాఫ్ స్లో ఉంటుంది, ల్యాండింగ్ స్లో ఉంటుంది. సో, ఇట్స్ నాట్ పాసిబుల్."

"నువ్వు ఎక్కావా ఆ విమానం?"

"లేదు."

"ఆ కంప్యూటర్ ఎక్కిందా?"

"తాతయ్యా, ఈ సైట్ వన్ అవర్ ట్వంటీ చెప్తుంది. ఎయిర్‌లైన్ సైట్ వన్ అవర్ ఫార్టీ చెప్తుంది."

"చూశావా! రెండు చోట్ల రెండు రకాలు! వాళ్ళలో వాళ్ళకే పొత్తు లేదు, నన్ను తప్పంటారా?"

చేతిలో చెంచా ఎప్పుడు బల్ల మీద కొట్టానో తెలీదు, ఉప్మా గింజలు పిల్ల బొమ్మ మీద పడ్డాయి. దాని మొహం చిన్నబోయింది. అల్లుడు వంటగదిలోంచి కాఫీ కప్పుతో వచ్చాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ గుణం నన్ను చంపుతుంది.

"మావయ్యగారూ, ఆ సైట్ స్ట్రెయిట్ లైన్ డిస్టెన్స్ తీసుకుని స్పీడ్‌తో డివైడ్ చేస్తుందండీ. రఫ్‌గా. ఎయిర్‌లైన్ వాళ్ళు గేట్ వదిలినప్పటి నుంచి గేట్ చేరేదాకా లెక్కేస్తారు. అందుకే తేడా."

"మరి నా టిక్కెట్టులో నలభై ఎందుకుంది?"

"లండన్ టైమ్ ఫ్రాంక్‌ఫర్ట్ కంటే గంట వెనక కదండీ. టిక్కెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. తొమ్మిదిన్నరకు బయల్దేరితే లండన్ వాళ్ళ పదీ పది అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదకొండూ పది. గంటా నలభై."

"అలా అయితే ఆ ముక్క టిక్కెట్టు మీద వేసి చావొచ్చుగా! ముప్ఫై రెండేళ్ళు నేను టైం టేబుళ్ళు రాశాను, ఒక్క ప్రయాణికుణ్ణయినా ఇలా మోసం చేశానా? రెండు గడియారాలతో ఒక కాగితం మీద రాస్తే అది టైం టేబులా, పొడుపు కథా?"

"అవునండీ, రాయాల్సింది" అన్నాడు అల్లుడు. ఒప్పేసుకున్నాడు. దెబ్బలాడటానికి కూడా మనిషి మిగలకుండా చేస్తాడు. ఆ తర్వాత కప్పు కింద పెట్టి నా వైపు చూశాడు. "కానీ మావయ్యగారూ, మీరు వాచీ పెట్టి చూశానన్నారు కదా. నలభై అని."

అమ్మాయి బట్టలు మడత పెడుతున్నదల్లా తలెత్తింది.

"నాన్నా. అమ్మకు కూడా నలభై నిమిషాలనే రాయించావా?"

ఇక ఇక్కడ అసలు సంగతి రాయాలి. నేను నిజంగానే వాచీ పెట్టి చూశాను. నా వాచీ ఇండియా టైములోనే ఉంది, మార్చలేదు. నలభై నిమిషాలయింది. విమానం దిగే సూచనే లేదు. యాభై అయింది. అటు పక్కావిడ రొట్టె ముక్క నములుతోంది. గంటయింది. లండన్ దాటిపోయింది, నేను వేరే విమానం ఎక్కాను, ఇది ఏ మంచు దేశానికో పోతోంది అనుకున్నాను. లేచి నిలబడ్డాను. మా బస్సులో అయితే రేకు మీద గట్టిగా చరిచి ఆపుతాం. అలవాటు కొద్దీ తల మీది సామాన్ల పెట్టె తలుపు చరిచాను. "స్టాప్! లండన్ గాన్! లండన్ గాన్!" అని అరిచాను. విమానం విమానమంతా నా వైపు తిరిగింది. ఎయిర్ హోస్టెస్ పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. నాకు ఒంట్లో బాగాలేదనుకుంది. లండన్‌లో తలుపు తీసేసరికి నా కోసం చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది.

కూర్చోనని పేచీ పెట్టానని రాద్దామని మనసు లాగుతోంది. పెట్టలేదు. కూర్చోగానే ప్రాణం లేచొచ్చింది. ఆ నడవాలు, ఆ మెట్లు, ఆ రైలు, ఆ బస్సు, ఎక్కడికక్కడ ఇంగ్లీషు బోర్డులు! కుర్చీ లేకపోతే నేను ఇప్పటికీ అక్కడే తిరుగుతూ ఉండేవాణ్ణి. అరిజోనాలో దిగాక కూడా కుర్చీయే. కాకపోతే బయటికి వచ్చే తలుపు నాలుగడుగుల దూరంలో ఉందనగా లేచి, తోసేవాడికి దణ్ణం పెట్టి, చొక్కా సర్దుకుని, బ్యాగు భుజాన వేసుకుని దర్జాగా నడిచి వచ్చాను. అమ్మాయి, "అబ్బ, నాన్న ఎంత ఫిట్‌గా ఉన్నాడో!" అంది.

ఇది తెలిసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే. నేను పడిన భయం మా ఆవిడ పడబోతోంది. ఆమెకు లేచి అరవడం కూడా రాదు. ఇంగ్లీషులో "లండన్" అన్న మాట తప్ప తెలీదు. దానికి తోడు కుర్చీ కూడా లేదు. నా వల్లే లేదు.

"ఫోనివ్వు. నేనే చెప్తాను" అన్నాను అమ్మాయితో. అది చెబుతానంటే కసిరి, ఫోను లాక్కుని పెరట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అప్పటికే ఎండ సిమెంటు నేలను కాల్చేస్తోంది. చెప్పులు కూడా వేసుకోలేదు.

తను ఎయిర్‌పోర్టుకు బయల్దేరి కారు ఎక్కుతోంది. వెనక నుంచి ఆమె తమ్ముడు, "బావేనా? త్వరగా కానియ్యక్కా" అంటున్నాడు.

"ఇదిగో, విను. ఆ ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మధ్య నలభై నిమిషాలు కాదు. గంటా నలభై. దిద్దుకో."

"ఇప్పుడా చెప్పడం? మీరెళ్ళినప్పుడు నలభయ్యేగా?"

"ఈమధ్య విమానాలు నెమ్మదిగా నడుపుతున్నారట. ఆయిలు ఆదాకి."

చూశారా? చెప్పడానికి వెళ్ళి ఇంకొకటి కలిపాను. నోరు కాదు అది.

"సరే, దిద్దుకుంటా. గంటా నలభై. ఇంకేమన్నా ఉందా?"

ఉంది. బోలెడంత ఉంది. వెనకాల బావమరిది వింటున్నాడు. ముందు అద్దం తలుపుకి అవతల అమ్మాయి, అల్లుడు, మనవరాలు ముగ్గురూ వరసగా నిలబడి నన్నే చూస్తున్నారు.

"ఇంకేం లేదు. జాగ్రత్త" అన్నాను.

మర్నాడు సాయంత్రం దాకా నేను అందరి మీదా అరిచాను. కారు పెట్రోలు ముందే పోయించలేదని అల్లుణ్ణి తిట్టాను. అమ్మాయి గంటకు మూడేసి సార్లు ఇంటర్నెట్‌లో విమానం ఎక్కడుందో చూసి, "అమ్మ ఫ్లైట్ లండన్‌లో దిగింది నాన్నా" అని చెబుతుంటే, "విమానం దిగితే సరా? మనిషి దిగిందా, అది చెప్పు!" అని ఇంతెత్తున లేచాను. దిగాక ఏ తలుపులోంచి పోవాలో, ఏ బస్సు ఎక్కాలో ఆ ఇంటర్నెట్టు చెబుతుందా? ఊరికీ ఊరికీ మధ్య నాలుగు వందల మైళ్ళని రాస్తారు. విమానం దిగిన తలుపు నుంచి ఎక్కాల్సిన తలుపు దాకా ముసలి మనిషికి ఎన్ని మైళ్ళో ఒక్కడూ రాయడు.

ఎయిర్‌పోర్టులో జనం బయటికి రావడం మొదలైంది. ముందు కుర్చీలు వచ్చాయి. అందులో ఇద్దరు ముగ్గురు మన అమ్మలే. మనవణ్ణి చూడగానే ఒకావిడ కుర్చీలోంచి లేచి చెంగున పరుగెత్తి పిల్లాణ్ణి ఎత్తుకుంది. ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి. కుర్చీలు అయిపోయాయి. నడిచేవాళ్ళు అయిపోయారు. ఎర్రచొక్కా పనివాడు ఒకడు చీపురు కట్ట పట్టుకుని వచ్చాడు. అప్పుడు తలుపు మళ్ళీ తెరుచుకుంది.

చెప్పులు చేతిలో ఉన్నాయి. కాళ్ళకు విమానంలో ఇచ్చిన మేజోళ్ళు. ఒక్కో అడుగూ నీళ్ళలో వేస్తున్నట్టు వేస్తోంది. పాదాలు బూరెల్లా పొంగాయి.

"అమ్మా!" అని అమ్మాయి పరుగెత్తింది.

"ఏం లేదే. కొంచెం నడక ఎక్కువయింది. లండన్‌లో ఎవరో బండి పెట్టుకుని ఎక్కమని రెండు సార్లు పిలిచాడు. వద్దన్నాను. దారి తప్పి మళ్ళీ మొదటికి వచ్చాను. ఒక పిల్ల చెయ్యి పట్టుకుని చూపించింది." నా వైపు తిరిగి, ఆ ఉబ్బిన కాళ్ళ మీద నిలబడి నవ్వింది. "నడిచానండీ. మీలాగే."

నన్ను చెప్పుతో కొట్టినా అంత మంటగా ఉండేది కాదు.

"నేను నడవలేదే" అన్నాను.

"ఏంటీ?"

"నేను నడవలేదు. విమానంలో భయపడి అరిచాను. కుర్చీలో వేసుకుని తోసుకొచ్చారు. లండన్‌లోనూ, ఇక్కడానూ. ఈ తలుపు దాకా."

"ఏ తలుపు?"

"ఇదే. ఇప్పుడు నువ్వొచ్చిందే."

మనవరాలు నోరు తెరుచుకుని, "తాతయ్యా, యూ లైడ్?" అంది. అల్లుడు దాన్ని పక్కకు తీసుకెళ్ళాడు. మా ఆవిడ అక్కడే బెంచీ మీద కూలబడింది. తన పాదాలకేసి చూసుకుంది.

"ఫోన్లో అడిగాను. ఇంకేమన్నా ఉందా అని అడిగాను."

"అడిగావు."

"తమ్ముడు కౌంటర్ దగ్గర కుర్చీ అడుగుతానని గొడవ. బావ నడిచొచ్చారురా, నాకెందుకని నేనే వాడి నోరు మూయించాను." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "మీ గొప్పలకు నా కాళ్ళు అరగదీశారు కదండీ."

అమ్మాయి మాత్రం పెంచింది. కారు పార్కింగ్ దాకా, కారులో, ఇల్లు చేరాక కూడా. అందులో ఒక్క మాటకీ నేను ఎదురు చెప్పలేదు. అల్లుడు దారిపొడవునా డ్రైవ్ చేస్తూ ఒక్క మాట అనలేదు, ఆయన మీద మాత్రం కోపం వచ్చింది. ఒక తిట్టు తిడితే ఏం పోయింది మనిషికి?

మా ఆవిడ నాతో నెల రోజులు మాట్లాడలేదు. నెల కాదు, నాలుగు రోజులు. కాళ్ళ వాపు తగ్గడానికి ఎన్నాళ్ళు పట్టిందో అన్నాళ్ళూ. ఐదో రోజు పొద్దున అల్లుడితో అంది, నాతో కాదు.

"బాబూ, మా తిరుగు ప్రయాణానికి ఒక కుర్చీ పెట్టించండి."

"ఇద్దరికీ పెట్టిస్తానత్తయ్యగారూ."

"ఒకటే. ఆయన నడుస్తారు."

పార్కు మిత్రులకు నిజం చెప్పమని కూడా శిక్ష వేసింది. చెప్పాను. చెవుడాయనకు రెండు సార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ పార్కులో బాతులు కూడా విన్నాయి.

తిరిగి వెళ్ళేటప్పుడు లండన్‌లో తనని కుర్చీలో కూర్చోబెట్టారు. తోసే మనిషి నా తెల్ల జుట్టు చూసి, ఇంకో కుర్చీ తెప్పిస్తానన్నట్టు చెయ్యి ఊపాడు. మా ఆవిడ అతనికి వేలు అడ్డంగా ఊపి, నా కాళ్ళు చూపించింది. అతను నవ్వి తోయడం మొదలుపెట్టాడు. ఆ మనిషి నడక నడక కాదు, పరుగు. రెండు బ్యాగులూ నా భుజాలకే. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి, లోపల్లోపల ఆ ఎయిర్‌పోర్టు కట్టినవాణ్ణి, విమానాలు కనిపెట్టినవాణ్ణి, పేరు పేరునా తిట్టుకుంటున్నాను. తను వెనక్కి తిరిగి చూడలేదు. ఒక మలుపు దగ్గర మాత్రం ఎదురుగా అద్దపు గోడ వచ్చింది. అందులో తన మొహం కనబడింది. నేను వస్తున్నానో లేదో ఆ అద్దంలో చూసుకుంటోంది. నన్ను చూడగానే మూతి ముడుచుకుని ముందుకు తిరిగింది.

బ్యాగులు ఎగదోసుకుని ఆ కుర్చీ వెనక నడిచాను.